బెజవాడ ఎండల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చుకోవడం ఎలా?

ఇంజిన్ ఆయిల్ సంగతి మనకెవరూ గుర్తు చేయనక్కర్లేదు. పదివేల కిలోమీటర్లు తిరగ్గానే బండిని షెడ్డుకు వేస్తాం, మార్పిస్తాం, అద్దం మీద స్టిక్కరు పడుతుంది. అదే బండిలో, ఆ ఇంజిన్ పక్కనే, ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆరేడు లీటర్ల ఎర్ర ఆయిల్ ఉంటుంది. బండి కొన్నప్పుడు ఉన్న ఆయిల్‌తోనే లక్ష కిలోమీటర్లు దాటిన కార్లు పటమట నుంచి వన్‌టౌన్ దాకా ఎన్నో తిరుగుతున్నాయి. అడిగితే "అది లైఫ్‌టైమ్ ఆయిల్ అండీ, మార్చక్కర్లేదని చెప్పారు" అంటారు. ఎవరి లైఫ్‌టైమ్ అని మాత్రం ఎవరూ అడగరు. ఆయిల్‌దా, గేర్‌బాక్సుదా, వారంటీదా?

గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు ఒకసారి ఆయిల్ మార్చమని చెబుతుంది. తయారుచేసినవాడే మార్చమంటుంటే ఇక లైఫ్‌టైమ్ మాట ఎందుకు? అదీ చల్లటి దేశంలో కూర్చుని వేసిన లెక్క. మీ కారుతో వచ్చిన పుస్తకం తీసి, సర్వీసు పట్టిక చివర చిన్న అక్షరాల్లో ఉండే "సివియర్ యూసేజ్" పేజీ చదవండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో ట్రాఫిక్‌లో నడపడం కూడా అందులోకే వస్తుందని కొన్ని పుస్తకాల్లో అంకె వేసి మరీ రాసి ఉంటుంది. బెజవాడలో 32 దాటని మధ్యాహ్నాలు ఏడాదికి ఎన్ని ఉంటాయో మీరే లెక్కపెట్టుకోండి.

వేడికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్ల లాంటిది. ఒకటి తిరిగితే మధ్యలో ఉన్న ఆయిల్ రెండోదాన్ని తిప్పుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర గేరు డీలో పెట్టి బ్రేకు తొక్కి నిలబడ్డారనుకోండి, ఇంజిన్ వైపు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రాల వైపుది కదలదు. ఆ శక్తంతా ఆయిల్‌ను చిలికి వేడి చేయడానికే పోతుంది. హైవే ఎక్కి వేగం అందుకుంటే లోపల ఒక క్లచ్చి రెండు ఫ్యాన్లనూ కలిపి బిగిస్తుంది, అప్పుడు ఆయిల్ చల్లబడుతుంది. అంటే వారధి దాటి గుంటూరు వెళ్లొచ్చిన కారు కంటే, రోజూ ఏలూరు రోడ్డులో నాలుగు కిలోమీటర్లు పాకే కారు ఆయిల్ ముందు పాడవుతుంది. 80 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఆయిల్ ఇంకో పదీ పదకొండు డిగ్రీలు ఎక్కితే దాని ఆయుష్షు సగమవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పే మోటు లెక్క. అందుకే ఊళ్లో తిరిగే బండికి నేను 50,000 – 60,000 కిలోమీటర్లకే మార్చేస్తాను.

మీ బండి ఏ రకం?

రెండు పెడల్స్ ఉన్న కార్లన్నీ ఒకటి కావు. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్చి తొక్కే పనీ, గేరు మార్చే పనీ మనకు బదులు యంత్రం చేస్తుంది. అందులో పోసేది మామూలు గేర్ ఆయిల్, దాని కథ వేరు. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టో గొలుసో తిరుగుతుంది. దానికి సీవీటీ ఆయిలే పోయాలి, మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోస్తే ఆ బెల్టు జారి గేర్‌బాక్సు మూలపడుతుంది. డ్యూయల్ క్లచ్ బండ్లకు మళ్లీ వేరే పద్ధతులున్నాయి. నేనిక్కడ చెప్పేది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలైన ఆటోమేటిక్ గురించి.

ఫిల్టర్ కూడా అన్నిట్లో ఒకేచోట ఉండదు. కొన్నింటికి కింద ఆయిల్ నిలిచే రేకు చాంబర్ విప్పితే ఫిల్టర్ కనిపిస్తుంది. కొన్నింటికి, ముఖ్యంగా జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సులకు, ప్లాస్టిక్ చాంబర్‌లోనే ఫిల్టర్ కలిసి వస్తుంది, మొత్తం మార్చాల్సిందే. ఇంకొన్నింటిలో గేర్‌బాక్సు రెండుగా విప్పితే తప్ప చేతికి రాదు. అలాంటివాటికి ఆయిల్ మాత్రం మార్చి ఊరుకోవాలి. ఫిల్టర్ కొనకముందే మీ మోడల్ సంగతి తెలుసుకోండి. నేను ముందు ఫిల్టర్ కొనేసి, తర్వాత మా పాత బండికి అది బయటి నుంచి మారదని తెలుసుకున్నాను. ఆ ఫిల్టర్ ఇప్పటికీ మా అటకమీద ఉంది.

ఎరుపంతా ఒకటి కాదు

ఈ పనిలో కొంపముంచే తప్పు ఒక్కటుందంటే అది తప్పు ఆయిల్ పోయడం. హ్యుందాయ్, కియాల ఆరు గేర్ల బండ్లకు ఎస్‌పీ4, టయోటాకు డబ్ల్యూఎస్, హోండా ఆటోమేటిక్‌లకు డీడబ్ల్యూ1, జీఎం తరహావాటికి డెక్స్రాన్ 6. వీటిలో చాలావరకు ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు ఇంజిన్ ఆయిల్‌తో కలిసిపోకుండా వేసిన రంగే తప్ప లోపలి సరుకుకు గుర్తు కాదు. చిక్కదనం వేరు, క్లచ్చి పలకలు ఎంత పట్టు పట్టాలో చెప్పే రసాయనాలు వేరు.

మా బాబాయి బండికి ఒక షెడ్డులో "ఇది అన్నిటికీ పనికొస్తుంది సార్" అని డ్రమ్ములోంచి పట్టి పోశారు. వారం తిరగకుండానే 50, 60 స్పీడులో బండంతా వణకడం మొదలైంది, రోడ్డు మీద వరసగా వేసిన చిన్న చిన్న బ్రేకర్లు ఎక్కినట్టు. చక్రాల అలైన్‌మెంట్ అన్నారు, ఇంజిన్ మౌంటింగులన్నారు, రెండూ చేయించారు. చివరికి సరైన ఆయిల్ తెచ్చి మూడుసార్లు మారిస్తే గానీ ఆ వణుకు పోలేదు. అంచేత డబ్బా మీద "యూనివర్సల్" అని కనిపిస్తే పక్కన పెట్టండి. మీ పుస్తకంలో రాసిన పేరే డబ్బా మీద ఉండాలి. ఆటోనగర్‌లో దొరకని ఆయిల్ అంటూ ఉండదు. కాకపోతే సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు అడిగి తీసుకోండి. పోయాల్సినదాని కంటే ఒక లీటరు ఎక్కువ కొనండి.

చేతులు పెట్టకముందు చూడాల్సింది

కొంచెం ఆయిల్ తీసి తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేయండి. డిప్‌స్టిక్ ఉంటే సులువు, లేకపోతే కింద ఆయిల్ మట్టం చూసే లెవెల్ ప్లగ్గు దగ్గర తీయాలి. ఎర్రగానో, కాస్త గోధుమ ఎరుపుగానో ఉంటే మార్చడానికి సరైన సమయం. ముదురు గోధుమ రంగుకు వచ్చినా వాసన మామూలుగా ఉంటే భయం లేదు. నల్లగా ఉండి, మాడిపోయిన వాసన కొడుతూ, బండి కూడా గేరు పట్టక జారుతుంటే మాత్రం ఆగండి. అది మెయింటెనెన్సు దాటి రిపేరు దాకా వచ్చిన బండి. క్లచ్చి పలకలు అరిగి ఆ పొడి ఆయిల్‌లో కలిసిపోయి ఉంటుంది. ఈ స్థితిలో కొత్త ఆయిల్ పోశాక బండి మొరాయిస్తే "ఆయిల్ మార్చబట్టే పోయింది" అంటారు. అప్పటికే పోయిందాన్ని కొత్త ఆయిల్ బాగుచేయదు.

గులాబీ రంగులో, పాలు కలిపినట్టు చిక్కగా కనిపిస్తే నీళ్లు చేరాయని అర్థం. ఇది మన ఊరివాళ్లు గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు ఎన్ని కార్లు మునిగాయో మనందరికీ తెలుసు. గేర్‌బాక్సుకు పైన ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్సు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని ఆ గొట్టంలోంచి నీళ్లను లాక్కుంటుంది. మునిగిన కారును శుభ్రంగా కడిగి, ఇంజిన్ ఆయిల్ మార్చి, సీట్లు ఆరబెట్టి వాడేసుకున్నవాళ్లున్నారు. గేర్‌బాక్సు మాట వాళ్లకు తట్టలేదు. నీళ్లు తగిలితే క్లచ్చి పలకలకు అంటించిన పొర ఊడిపోతుంది, వెంటనే కాదు, నెలల మీద. ఇప్పుడు మీరు సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు చూస్తున్నట్టయితే, ఇంజిన్ చప్పుడు వినడంతో పాటు ఈ టిష్యూ పరీక్ష కూడా చేయించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

మునగని బండిలో గులాబీ రంగు కనిపిస్తే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలుస్తోందేమో చూడాలి. అది బాగుచేయించకుండా ఆయిల్ మార్చినా మళ్లీ కలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ

పొద్దున్నే. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడితే మంచిది, జనవరి, ఫిబ్రవరి అయితే మరీ మంచిది. ఇది ఒళ్లు అలవకుండా చెప్పిన సలహా అనుకోకండి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సుల్లో లెవెల్‌ను ఒక నిర్ణీత వేడి దగ్గరే చూడాలి. ఒక మోడల్‌కు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది, ఇంకోదానికి 50 నుంచి 60. మే నెల మధ్యాహ్నం బయట 44 ఉంటే, నీడలో ఆపిన బండిలోని ఆయిల్ కూడా స్టార్ట్ చేయకముందే ఆ వేడికి చేరి ఉంటుంది. 35–45 బండికి లెవెల్ చూసే అవకాశం దాదాపు ఉండదు. నేను ఒకసారి ఏప్రిల్లో పదింటికి మొదలుపెట్టి, చాంబర్ బిగించేసరికి పన్నెండయి, ఆయిల్ చల్లారడం కోసం రాత్రి దాకా కూర్చున్నాను.

చోటు సమతలంగా ఉండాలి. ముందు చక్రాలు జాకీ మీద, వెనక చక్రాలు నేల మీద ఉంటే లెవెల్ తప్పుగానే వస్తుంది. పైగా లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, మీరేమో కింద ఉండాలి. బండితో వచ్చే కత్తెర జాకీ మీద ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. నాలుగు మూలలా జాక్ స్టాండ్లు పెట్టి ఎత్తగలిగితే సరే. లేదంటే ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గర పొద్దున్నే పిట్టు ఖాళీగా ఉంటుంది. "బాబాయ్, రెండు గంటలు పిట్టు వాడుకుంటాను, అద్దె ఇస్తా" అంటే కాదనేవాళ్లు తక్కువ. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చేస్తే ఆయిల్ మరక పడిందంటే అసోసియేషన్ వాళ్లకు సమాధానం మీరే చెప్పుకోవాలి.

కావాల్సినవి: సాకెట్ సెట్టు, చిన్న టార్క్ రెంచి, వెడల్పు బేసిన్, పొడవాటి గొట్టం తగిలించిన గరాటు లేదా చేతి పంపు, ఖాళీ లీటరు సీసాలు ఐదారు, బనియన్ వేస్టు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, ఆయిల్ వేడి చూపించే స్కానర్, కొత్త ఫిల్టరు, కొత్త ప్యాకింగు, ఆయిల్ దింపే డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు. గ్లవ్స్ వేసుకోండి.

పని మొదలు

బండిని ఒక పది నిమిషాలు తిప్పి తీసుకురండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పల్చగా పారుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా దానితో వస్తుంది. చెయ్యి కాలేంత వేడి అక్కర్లేదు.

ఇప్పుడు డ్రెయిన్ ప్లగ్గు మీదికి పోతున్న చేతిని ఆపండి. ముందు విప్పాల్సింది పోసే ప్లగ్గు. పాత ఆయిల్ మొత్తం దింపేశాక పోసే ప్లగ్గు తుప్పు పట్టి కదలకపోతే ఏం చేస్తారు? బండి నడవదు, లాక్కెళ్లడానికీ లేదు, ఎందుకంటే ఆయిల్ లేకుండా చక్రాలు తిరిగితే లోపల భాగాలు అరుగుతాయి. ఇది నేను చేసిన తప్పే. మొదటిసారి చేసినప్పుడు డ్రెయిన్ ముందు విప్పేశాను. పై ప్లగ్గు తలకాయ గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఆదివారం, షాపులన్నీ మూత. తల ప్రాణం తోకకొచ్చింది. పోసే ప్లగ్గు చేత్తో తిరిగేంత వదులయ్యాకే కింది ప్లగ్గు ముట్టుకోండి. కొన్ని బండ్లలో ఈ ప్లగ్గు ఎయిర్‌ఫిల్టర్ డబ్బా కింద దాక్కుని ఉంటుంది, ఆ డబ్బా తీయాల్సి రావచ్చు.

బేసిన్ పెట్టి డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. వచ్చిన ఆయిల్‌ను పారబోయకండి, అది మీకు కొలత. బేసిన్ నుంచి లీటరు సీసాల్లోకి పట్టి పక్కన పెట్టండి. చల్లారాక కొలవండి. వేడి ఆయిల్ ఉబ్బి ఉంటుంది, మూడున్నర లీటర్లలో వంద మిల్లీలీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. ఈ గేర్‌బాక్సుకు వంద మిల్లీలీటర్లు చిన్న సంగతి కాదు.

తర్వాత చాంబర్. బోల్టులన్నీ ఒకేసారి విప్పితే మిగిలిన ఆయిల్ మీ ముఖం మీదే పడుతుంది. ఒక మూల బోల్టులు రెండు వదులుగా ఉంచి, ఎదుటి వైపువి తీసి, చాంబర్‌ను ఒక పక్కకు వాల్చి దింపండి. ఎంత జాగ్రత్తపడినా మోచేతుల దాకా ఆయిల్ కారుతుంది, పాత చొక్కా వేసుకోండి. పైనుంచి చుక్కలు పడటం అరగంట దాకా ఆగదు. ఈలోగా టీ తాగి రావచ్చు.

చాంబర్ అడుగున అయస్కాంతాలు

ఈ మొత్తం పనిలో నాకు నచ్చే భాగం ఇదే. చాంబర్ లోపల చిన్న బిళ్లల్లాంటి అయస్కాంతాలుంటాయి. మీ గేర్‌బాక్సు ఇన్నేళ్లూ ఎలా బతికిందో అవి చెబుతాయి. వేలితో గీరి చూడండి. బూడిద రంగులో, కాటుక రుద్దినట్టు మెత్తగా వస్తే అది మామూలు అరుగుదల, 60,000 కిలోమీటర్లకు ఉండాల్సిందే. వేళ్ల మధ్య గరగరలాడితే కాస్త జాగ్రత్త. సూదుల్లాగా, చెక్కుల్లాగా ఇనప ముక్కలు కనిపిస్తే లోపల ఏదో బేరింగో గేరు పన్నో విరుగుతోందని అర్థం. పసుప్పచ్చని పొడి అయస్కాంతానికి అంటదు, అడుగున ఉంటుంది, అది బుష్షులది. నల్లటి పొర క్లచ్చి పలకలది. ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. వచ్చేసారి పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఎవరైనా మంచి మేస్త్రీకి చూపించడానికీ ఉంటుంది.

అయస్కాంతాలు తుడిచి, చాంబర్ బ్రేక్ క్లీనర్‌తో కడిగి, పాత ప్యాకింగు ముక్కలు ప్లాస్టిక్ బద్దతో గీకండి. ఇనప స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గీతలు పడి లీకు మొదలవుతుంది. తుడవడానికి నూలు పోగులు రాలని గుడ్డ వాడండి. ఆ పోగులు లోపలి వాల్వుల్లోకి పోతాయి. అయస్కాంతాలు తిరిగి ఎక్కడివక్కడ పెట్టడం మరిచిపోకండి.

ఫిల్టరు

ఫిల్టరు రెండు మూడు బోల్టులతోనో, ఊరికే రబ్బరు సీలు పట్టుతోనో ఉంటుంది. కిందికి లాగితే వచ్చేస్తుంది, అరలీటరు ఆయిల్‌తో సహా. తీశాక టార్చి వేసి పైకి చూడండి. ఫిల్టరు మెడకు ఉండే రబ్బరు సీలు దానితో పాటు వచ్చిందా, రంధ్రంలోనే ఉండిపోయిందా? చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాత సీలు లోపలే ఉండగా కొత్త సీలున్న ఫిల్టరు నొక్కితే అది సరిగ్గా కూర్చోదు. పంపు అక్కణ్ణుంచి గాలి పీలుస్తుంది, ఆయిల్ నురుగవుతుంది, రెండు రోజుల్లో గేర్లు జారతాయి. పాతది మెల్లగా తీయండి, కొత్త సీలుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, ఫిల్టరు పూర్తిగా ఆనేదాకా చేత్తో నొక్కండి.

చాంబర్ బిగించేటప్పుడు "గట్టిగా ఉంటే మంచిది" అన్న మన అలవాటు పక్కన పెట్టాలి. ఈ బోల్టులకు కావాల్సిన టార్క్ చాలా తక్కువ, పది న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. మీ మోడల్ అంకె పుస్తకంలో చూసి టార్క్ రెంచితోనే బిగించండి. ఎక్కువ బిగిస్తే రేకు వంకరపోయి లీకవుతుంది, లీకవుతోందని ఇంకా బిగిస్తే అల్యూమినియంలో మరలు ఊడతాయి. ముందు అన్నీ చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా. ప్యాకింగు ఉన్న చాంబర్‌కు అనబాండ్ లాంటి సీలింగ్ గమ్ము రాయకండి. బయటికి వచ్చిన గమ్ము కనిపిస్తుంది, తుడుస్తారు. లోపలికి వెళ్లింది ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ప్యాకింగు లేకుండా గమ్ముతోనే వచ్చే చాంబర్లు కూడా ఉన్నాయి, వాటికి పుస్తకంలో చెప్పినంత సన్నటి గీత చాలు.

పోయడం, లెవెల్

సీసాల్లోని పాత ఆయిల్ ఎంత వచ్చిందో సరిగ్గా అంతే కొత్తది పోయండి. ఫిల్టరులోంచీ చాంబర్‌లోంచీ కారినదీ కలిపి లెక్కేసుకోండి. మూడు లీటర్ల ఆరువందలు వస్తే మూడు లీటర్ల ఆరువందలే. ఇది లెవెల్ కాదు, లెవెల్‌కు దగ్గరగా చేర్చే అంచనా.

బండిలో ఒకరు కూర్చోవాలి. చక్రాలకు అడ్డు రాళ్లు, హ్యాండ్‌బ్రేకు, కాలు బ్రేకు మీద. స్టార్ట్ చేసి పీ, ఆర్, ఎన్, డీ ఒక్కోదాంట్లో మూడు నాలుగు సెకన్లు ఆగుతూ వెళ్లి తిరిగి పీకి రావాలి. అప్పుడు కొత్త ఆయిల్ అన్ని దారుల్లోకీ చేరుతుంది. మా ఇంట్లో ఈ పని మా బావమరిదిది. స్కానర్ చేతిలో పెట్టుకుని "బావా ముప్పై ఆరు... ముప్పై ఎనిమిది... నలభై!" అని పైనుంచి అరుస్తుంటాడు, నేను కింద పానా పట్టుకుని ఉంటాను.

చెప్పిన వేడి రాగానే, ఇంజిన్ నడుస్తుండగానే, లెవెల్ ప్లగ్గు విప్పండి. ఆయిల్ దారంలా సన్నగా కారి చుక్కలుగా మారితే సరిపోయింది. ధారగా వస్తే అది సన్నబడేదాకా కారనివ్వండి. చుక్క కూడా రాకపోతే కొద్దికొద్దిగా పోసి మళ్లీ చూడండి. ఈలోపు వేడి పైఅంకె దాటిపోతే ప్లగ్గు బిగించి, ఇంజిన్ ఆపి, చల్లారనివ్వాల్సిందే. తొందరపడి "ఆ, సరిపోయి ఉంటుందిలే" అనుకోవద్దు. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే తిరిగే గేర్లు చిలికి నురుగు చేస్తాయి, ఊపిరి గొట్టంలోంచి బయటికి కక్కుతుంది.

డిప్‌స్టిక్ ఉన్న బండ్లకు ఇంత తంతు లేదు. చాలావాటికి బాగా వేడెక్కాక ఇంజిన్ నడుస్తుండగా పీలో చూస్తారు. హోండావాటిలో మాత్రం ఇంజిన్ ఆపి నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. పద్ధతి తిరగబడితే కొలత కూడా తిరగబడుతుంది.

సగమే మారింది

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇంత చేసినా మారింది దాదాపు సగమే. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోయింది. గేర్‌బాక్సులో మొత్తం ఏడు లీటర్లుండి, దింపితే మూడు లీటర్లు వచ్చిందనుకుంటే, మొదటిసారికి 43 శాతం కొత్తదవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ మూడు లీటర్లు దింపి పోస్తే 67 శాతం, మూడోసారికి 81. రెండో, మూడో సారులకు చాంబర్ విప్పక్కర్లేదు, డ్రెయిన్ ప్లగ్గు చాలు, గంట పని. నేను రెండుసార్లతో ఆపుతాను. ఆయిల్ మరీ నల్లగా వచ్చిన బండికి, లేదా వేరే ఆయిల్ పోసిన బండికి మూడుసార్లు. మెషీన్ పెట్టి ఒత్తిడితో మొత్తం ఒకేసారి మార్చేస్తామంటారు కొందరు. క్రమం తప్పకుండా మార్చిన బండికైతే ఫర్వాలేదు. లక్షా యాభై వేలు తిరిగి ఎప్పుడూ మార్చని బండికి మాత్రం నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి మూలల్లో పేరుకున్న మడ్డి ఒక్కసారి కదిలి సన్నటి వాల్వు దారుల్లో ఇరుక్కుంటుందని నా భయం.

పని అయ్యాక బండిని ఎండెక్కకముందే ఒకసారి తిప్పండి. నేను బెంజ్ సర్కిల్ మీదుగా వారధి దాటి తాడేపల్లి దాకా వెళ్లి తిరిగొస్తాను. ఊళ్లో గేర్లు ఒక్కొక్కటీ మారడం, హైవే మీద కన్వర్టర్‌లోని క్లచ్చి బిగుసుకోవడం రెండూ తెలుస్తాయి. మొదటి కొన్ని రోజులు గేరు మారే తీరు కొద్దిగా వేరుగా అనిపించవచ్చు. పాత జారుడు ఆయిల్‌కు అలవాటుపడ్డ కంప్యూటర్ కొత్తదానికి సర్దుకోవాలి. కొన్ని మోడళ్లకు స్కానర్‌తో ఆ పాత అలవాటు చెరిపేసి కొత్తగా నేర్పాలి, అది షెడ్డులో చేయించుకోండి.

దింపిన ఆయిల్ ఆ లీటరు సీసాల్లోనే మూత పెట్టి ఆటోనగర్‌లో పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి. ఇంటి ముందు మురుక్కాలవలో పోస్తే అది చేరేది బందరు కాలవకో రైవస్ కాలవకో, దాని కింద పొలాలున్నాయి.

ఆ రాత్రి గేర్‌బాక్సు కింద ఒక న్యూస్‌పేపర్ పరిచి బండి నిలపండి. పొద్దున్నే టార్చి వేసి చూడండి. మరక లేకపోతే తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ పేరు, దింపింది ఎంత, పోసింది ఎంత అన్నీ ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు పెట్టెలో పడేయండి. ఎర్రటి చుక్క కనిపిస్తే ముందు చూడాల్సింది డ్రెయిన్ ప్లగ్గు వాషరు. కొత్తది కొన్నారు కదా, అది వేయడం మరిచిపోయి జేబులోనే ఉంచుకున్నారేమో.